దత్తాంశం: అంగుళానికి 15,000 గీతలు

పోయిన నెలలో ఒక సాయంత్రం మా అక్క కూతురు ఫోన్ చేసింది. డిగ్రీ రెండో ఏడాది, ఫిజిక్స్. మర్నాడు ప్రాక్టికల్స్, గొంతులో టెన్షన్. అందులో గ్రేటింగ్ ప్రయోగం ఒకటి. గ్రేటింగ్ అంటే దగ్గరదగ్గరగా సన్నని గీతలు గీసిన పలక. దాని మీద పడ్డ కాంతి రంగులుగా విడిపోతుంది, ఆ విడిపోయిన కోణం నుంచి కాంతి తరంగదైర్ఘ్యం లెక్క కడతారు.

"మావయ్యా, గ్రేటింగ్ ప్రయోగంలో ఎన్ ఎంత వేసుకోవాలి?"

"గ్రేటింగ్ అంచున చీటీ ఉంటుంది చూడవే. అంగుళానికి 15,000 గీతలు అని రాసి ఉంటుంది. 2.54తో భాగించి సెంటీమీటరుకి మార్చుకో."

"అది తెలుసులే. అన్ని గీతలు ఎవరు గీశారు? ఎవరు లెక్కపెట్టారు?"

"ఎవరో గీయడమేంటి, మిషన్ గీస్తుంది."

"మరి ఆ మిషన్‌కి అంత కచ్చితంగా గీయడం ఎలా తెలుసు?"

అక్కడ ఆగిపోయాను. ఇరవై రెండేళ్లుగా టూల్ రూముల్లో పని చేస్తున్నవాణ్ణి. మైక్రోమీటర్లు, స్లిప్ గేజ్‌లు, డయల్ గేజ్‌ల మధ్యే నా వయసు గడిచింది. బాలానగర్‌లో ఏ షాపులో ఏ గ్రైండింగ్ మిషన్ ఎంత తేడా చూపిస్తుందో చెప్పగలను. ఈ ప్రశ్నకి మాత్రం "రేపు పరీక్ష పెట్టుకుని ఇప్పుడెందుకే ఇవన్నీ" అని తప్పించుకున్నాను. ఫోన్ పెట్టేశాక కాస్త సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే నెల రోజులు ఈ యంత్రాల గురించి దొరికినంతా చదివాను.

మన లెక్కల పుస్తకాల్లో "దత్తాంశం" అని ఒక మాట ఉంది. ఇచ్చినది అని అర్థం. ఎవరిచ్చారు, వాళ్లకి ఎక్కడిది అని అడగకుండా పుచ్చుకున్నది. ఎన్ విలువ 15,000 అన్నది అలాంటి దత్తాంశమే. ఫిజిక్స్ చదివిన మనందరికీ నేర్పింది ఆ తర్వాతి సూత్రం. అసలు సంగతంతా సూత్రానికి ముందున్న ఆ దత్తాంశంలోనే ఉందని, దాన్ని దాటేయడం వల్ల కొలత అంటే ఏమిటో మనకి సరిగా పట్టుబడలేదని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

ముందు ఆ అంకె ఎంత విచిత్రమైనదో చూడండి. అంగుళానికి 15,000 గీతలంటే రెండు గీతల మధ్య దూరం 1.7 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఒక తలవెంట్రుక మందంలో నలభై గీతలు పడతాయి. నేను కొత్తగా పనిలో చేరినప్పుడు, కొలతలకి ప్రమాణంగా వాడే ఉక్కు ముక్క, స్లిప్ గేజ్‌ని అరచేతిలో పెట్టుకుని కబుర్లు చెబుతుంటే మా ఫోర్‌మన్ వచ్చి నెత్తి మీద ఒకటి ఇచ్చాడు. "చేతి వేడికి ఉక్కు ఉబ్బుతుందిరా, దాన్ని కింద పెట్టు" అన్నాడు. ఎంత ఉబ్బుతుందని అడగలేదు. ఇప్పుడు లెక్క వేశాను. ఉక్కు మీటరు పొడవుకి, ఒక డిగ్రీ వేడికి, 11 నుంచి 12 మైక్రాన్లు సాగుతుంది. ఆరంగుళాల ఉక్కు ముక్కకి ఆ సాగుడు 1.7 మైక్రాన్లు. అంటే ఆరంగుళాల గ్రేటింగ్ గీస్తున్నప్పుడు యంత్రం ఒక్క డిగ్రీ వేడెక్కితే చాలు, మొదటి గీతకీ చివరి గీతకీ మధ్య ఒక గీతంత తేడా వచ్చేస్తుంది. గీసేవాడు గదిలోకి తొంగి చూస్తే వాడి ఒంటి వేడి కూడా లెక్కలోకి వస్తుంది.

ఇంకో సంగతి. ప్రాక్టికల్స్ బల్ల మీద ఇలాంటి దత్తాంశాలు రెండుంటాయి. గ్రేటింగ్ ఒకటి. రెండోది కాంతి విడిపోయిన కోణాన్ని కొలిచే స్పెక్ట్రోమీటర్ చుట్టూ ఉండే ఇత్తడి వృత్తం. దాని మీద అర డిగ్రీకో గీత ఉంటుంది, పక్కనుండే చిన్న స్కేలు వెర్నియర్‌తో నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, దాకా చదువుతాం. ఆ వృత్తాన్ని 360 సమాన భాగాలు చేసిందెవరని కూడా మనలో ఎవరూ అడగలేదు. ఆ రెండు రకాల గీతలకీ వేరువేరు యంత్రాలు, వేరువేరు వంశవృక్షాలు ఉన్నాయి. వృత్తం కథ పాతది, దాంతోనే మొదలుపెడతాను.

కాలితో తొక్కే యంత్రం

పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో కోణాలు కొలిచే పరికరాల మీద గీతలన్నీ చేతితోనే గీసేవారు. అందులో పేరు మోసినవాడు జాన్ బర్డ్. పొడవాటి వృత్తలేఖినితో ఒక చాపాన్ని సగం, అందులో సగం, మళ్లీ సగం చేసుకుంటూ పోయేవాడు. ఆ కిటుకు అతనికి తప్ప ఇంకొకరికి అంత బాగా వచ్చేది కాదు. బ్రిటిష్ ప్రభుత్వం తరఫున, సముద్రంలో ఓడల స్థానం కనుక్కునే పద్ధతుల కోసం పెట్టిన రేఖాంశాల బోర్డు 500 పౌండ్లు ఇచ్చి ఆ పద్ధతిని అతని చేత రాయించింది. 1767లో అది అచ్చయింది. అచ్చు వేసినంత మాత్రాన చేతివాటం బదిలీ అవుతుందా? కాలేదు. పెద్ద పెద్ద అబ్జర్వేటరీలకి బర్డ్ సరిపోయాడు. సముద్రం మీద వేల ఓడలకి దారి చూసుకోవడానికి కోణాలు కొలిచే సెక్స్టంట్లు, ఆక్టంట్లు కావాలంటే ఎంతమంది బర్డ్‌లను పుట్టించాలి?

జెస్సీ రామ్స్‌డెన్ 1770లలో తయారుచేసిన డివైడింగ్ ఇంజన్ ఆ ప్రశ్నకి జవాబు. 45 అంగుళాల వ్యాసం ఉన్న చక్రం, అంచున 2,160 పళ్లు. పళ్లలో ఇరుక్కుని తిరిగే ఒక స్క్రూ. స్క్రూ ఒక చుట్టు తిరిగితే ఒక పన్ను జరుగుతుంది. ఆరు చుట్లు తిరిగితే సరిగ్గా ఒక డిగ్రీ. పాత కుట్టుమిషన్ లాగా కాలితో తొక్కితే చక్రం కావలసినంత జరిగి ఆగుతుంది, పైనున్న మొనతో గీత లాగాలి. బర్డ్ లాంటివాడు రోజుల తరబడి చేసే పని అరగంటకి దిగింది.

నాకు నచ్చింది ఆ చక్రానికి పళ్లు కోసిన తీరు. 2,160 సమానమైన పళ్లు కోయాలంటే ముందు 2,160 సమానమైన గుర్తులు కావాలి. అవే ఉంటే ఈ యంత్రం అవసరమే లేదు! రామ్స్‌డెన్ ముందు వృత్తాన్ని ఐదు భాగాలు చేశాడు. ఒక్కోదాన్ని మూడు చేశాడు. ఆ తర్వాత నాలుగుసార్లు సగాలు చేసుకుంటూ 240కి వచ్చాడు. ఒక్కో భాగంలో తొమ్మిది పళ్లు పడాలి. స్క్రూకే గాట్లు పెట్టి, దాన్నే కోత పనిముట్టుగా మార్చి, ఆ 240 గుర్తుల సాయంతో పళ్లకి తొలి గాడి పెట్టాడు. ఆ తర్వాత గుర్తుల్ని వదిలేసి, స్క్రూని పళ్లలో ఉంచి చక్రాన్ని వందలసార్లు తిప్పుతూ పోయాడు. చేతి గుర్తుల్లోని చిన్న చిన్న తప్పులు పక్క పళ్లకి పంచుకుపోయి అరిగిపోయాయి. లేకపోతే చక్రం చేసినవాడి చేతి తప్పులన్నీ చక్రంలోనే ఉండిపోయేవి.

బోర్డు అతనికి 615 పౌండ్లు ఇచ్చింది, షరతులతో. యంత్రం ఎలా పనిచేస్తుందో పూర్తిగా రాసి అచ్చు వేయాలి. ఇతరులకి నేర్పాలి. వేరే తయారీదారులు పరికరాలు తెస్తే ఆక్టంట్‌కి మూడు షిల్లింగులు, ఇత్తడి సెక్స్టంట్‌కి ఆరు షిల్లింగులు తీసుకుని గీతలు గీసిపెట్టాలి. 1777లో ఆ వివరణ పుస్తకం వచ్చింది. దాచుకున్న విద్యని డబ్బిచ్చి బయటపెట్టించిన పద్ధతి నాకు భలే నచ్చింది. మా షాపుల్లో ఇప్పటికీ మంచి సెట్టింగ్ తెలిసినవాడు రిటైరయ్యేదాకా దాన్ని జేబులోనే పెట్టుకు తిరుగుతాడు.

రామ్స్‌డెన్ మీద మరీ భక్తి పెంచుకోకుండా ఒక మాట చెప్పాలి. చెప్పిన రోజుకి పని ఇచ్చిన పాపాన పోలేదు. సిసిలీ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రజ్ఞుడు పియాజీ లండన్‌లోనే మకాం వేసి, వెంటపడి మరీ 1789కి తన ఐదడుగుల వృత్తాన్ని పూర్తి చేయించుకున్నాడు. దాన్ని పలెర్మోకి తీసుకెళ్లి పెట్టుకున్నాడు, 1801 జనవరి 1న మరుగుజ్జు గ్రహం సెరిస్‌ని కనిపెట్టాడు. డబ్లిన్ దగ్గరి డన్సింక్ అబ్జర్వేటరీ వాళ్లు కూడా ఒక పెద్ద వృత్తం అడిగారు. అది చేరేసరికి రామ్స్‌డెన్ పోయి ఎనిమిదేళ్లయింది.

ఈ గీతలు మన నేల మీదికీ వచ్చాయి. విలియం లాంబ్టన్ దక్షిణాదిని కొలవడానికి వాడిన, కోణాలు కొలిచే పెద్ద థియొడొలైట్‌ని చేసినవాడు విలియం కేరీ, రామ్స్‌డెన్ దగ్గర పని నేర్చుకున్నవాడు. దాని వృత్తం 36 అంగుళాలు, మొత్తం బరువు అర టన్ను. 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి లాగుతుంటే తాడు తెగి గోడకి కొట్టుకుని వృత్తం వంకరపోయింది. ఇంకొకరైతే ఇంగ్లండుకి పంపి మూడేళ్లు కూర్చునేవారు. లాంబ్టన్ దాన్ని విప్పి, పలక మీద అసలు కొలతకి వృత్తం గీసుకుని, సీలలతో, స్క్రూలతో వారాల తరబడి కొంచెం కొంచెంగా లాగి సరిచేశాడు. తర్వాత ఏళ్ల తరబడి అదే థియొడొలైట్‌తో పని చేశాడు. హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్తూ 1823లో దారిలో హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. ఆ సర్వే పరికరాల మరమ్మతు తర్వాత్తర్వాత ఆర్కాటు నుంచి వెళ్లిన సయ్యద్ మొహ్సిన్ హుస్సేన్ చేతికి వచ్చింది. ఇంగ్లిష్ చదవడం రాదు. బారో అనే ఇంగ్లండు నిపుణుడి కింద పని చేసి, ఆయన వెళ్లాక అదే స్థానంలోకి వచ్చాడు. లాంబ్టన్ తర్వాత ఆ సర్వేకి పెద్దయిన జార్జ్ ఎవరెస్ట్ మెచ్చుకున్న పనివాడు. ఆ కొలతలు మన భూముల మీద పెత్తనానికి పనికొచ్చాయన్నది వేరే సంగతి. దాన్ని కాదనను. పెత్తనం కోసమే తెచ్చినా, వంగిన వృత్తం సరయ్యేది ఒకడి చేతి ఓపికతోనే కదా.

తప్పుతో తప్పును అరగదీయడం

ఇక గ్రేటింగ్. మొట్టమొదట దీన్ని చేసినవాడికి వజ్రమూ లేదు, యంత్రమూ లేదు. ఫిలడెల్ఫియాలో హాప్కిన్సన్ అనే ఆయన పట్టు రుమాలు అడ్డం పెట్టుకుని వీధి దీపాన్ని చూస్తే వింత గీతలు కనిపించాయి. అదేమిటని ఖగోళ శాస్త్రజ్ఞుడు డేవిడ్ రిట్టెన్‌హౌస్‌కి ఉత్తరం రాశాడు. రిట్టెన్‌హౌస్ రెండు సన్నని స్క్రూల మరల మీదుగా యాభై వెంట్రుకల్ని సమాన దూరాల్లో కట్టి చూశాడు. ఇది 1785 ప్రాంతం. వెంట్రుకల దూరాన్ని నిర్ణయించింది స్క్రూ మర! అప్పటి నుంచి దాదాపు రెండు శతాబ్దాలు గ్రేటింగ్ కథంతా స్క్రూ కథే.

మా మేనకోడలి ప్రశ్న ఇక్కడ నిజంగా గుచ్చుకుంటుంది. లేతు మీద స్క్రూ కోస్తే ఆ లేతులో పనిముట్టుని జరిపే లీడ్ స్క్రూలోని తప్పంతా దీనికి దిగుతుంది. ఆ లీడ్ స్క్రూ ఇంకో లేతు మీద పుట్టింది. దాని తప్పు దానిది. తాతల నాటి అప్పులాగా తప్పు దిగుతూనే ఉంటుంది. ఇలా వెనక్కి పోతే మొదటి మంచి స్క్రూ ఎక్కడిది?

బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ ప్రొఫెసర్ హెన్రీ రోలాండ్ దీనికి చెప్పిన జవాబు బ్రిటానికా విజ్ఞానసర్వస్వంలో "స్క్రూ" అనే వ్యాసంగా ఉంది. ఊరికే స్క్రూ అని. చదివి గంటసేపు దాని గురించే ఆలోచించాను. మంచి స్క్రూ ఎక్కడి నుంచీ రాదట, దాన్ని అరగదీసి పుట్టించుకోవాలట. మామూలుగా కోసిన స్క్రూకి బాగా పొడవైన నట్టు చేయాలి. నట్టుని నిలువునా ముక్కలుగా చీల్చి, చుట్టూ పట్టీలతో బిగించాలి. మధ్యలో ఎమెరీ అనే గరుకు రాతి పొడి, నూనె. అటూ ఇటూ తిప్పుతూ, కాసేపటికోసారి నట్టుని తల్లకిందులుగా తిరగేస్తూ, వేడి మారకుండా చూసుకుంటూ రోజుల తరబడి రుద్దాలి. పొడవైన నట్టు ఒకేసారి ఎన్నో మరచుట్లని పట్టుకుంటుంది. ఏ ఒక్క మర పక్కకి జరిగి ఉన్నా మిగతావి దాన్ని ఒప్పుకోవు, అదే ముందు అరుగుతుంది. స్క్రూలో తప్పుంది, నట్టులోనూ తప్పుంది. రెండు తప్పులూ ఒకే చోట లేవు కాబట్టి ఒకదాన్నొకటి తినేస్తాయి.

టూల్ రూమ్ వాళ్లకి ఇది పూర్తిగా కొత్త కాదు. మూడు పలకల్ని మార్చి మార్చి ఒకదానితో ఒకటి రుద్దితే మూడూ చదునవుతాయని మాకు తెలుసు. రెండే అయితే ఒకటి గుంట, ఒకటి గుబ్బ అయి హాయిగా అతుక్కుంటాయి. మూడోది ఆ లాలూచీని బయటపెడుతుంది. చేతితో ఎన్నోసార్లు చేశాను. దాని వెనక ఇంత పెద్ద జవాబు ఉందని మాత్రం తట్టలేదు. మరి మొదటి కచ్చితత్వం ఎక్కడిదంటే, కచ్చితం కాని వస్తువుల్ని ఓపిగ్గా ఒకదాని మీద ఒకటి రాపాడించగా పుట్టింది. మా మేనకోడలు అడిగినప్పుడు చెప్పాల్సిన మాట ఇదే.

రోలాండ్ యంత్రం నేలమాళిగలో ఉండేది. రాగి, తగరం కలిపిన అద్దంలాంటి లోహపు పలక మీద వజ్రపు మొన ఒక గీత గీస్తుంది, పైకి లేస్తుంది, వెనక్కి వస్తుంది. స్క్రూ పిసరంత తిరుగుతుంది. మళ్లీ గీత. అతని గ్రేటింగ్‌లలో బాగా పేరున్న లెక్క అంగుళానికి 14,438 గీతలు. ఆరంగుళాల పలకకి సుమారు 86,600 గీతలు. గీతకి ఐదు సెకన్లు వేసుకున్నా ఐదు పగళ్లు, ఐదు రాత్రులు. గీత నాలుగంగుళాల పొడవనుకుంటే వజ్రం గీస్తూ నడిచిన దూరమే ఎనిమిది కిలోమీటర్లు దాటుతుంది. మధ్యలో వజ్రం మొన విరిగితే అంతా మొదటికి.

ఆ పలకల్ని పాలిష్ చేసింది పిట్స్‌బర్గ్ దగ్గరి జాన్ బ్రాషియర్. ఒకప్పుడు ఉక్కు మిల్లులో పనివాడు. యంత్రాన్ని కట్టి నడిపింది థియొడోర్ ష్నైడర్ అనే మెకానిక్. గ్రేటింగ్‌లకి పేరు రోలాండ్‌దే. రోలాండ్ లేకపోతే అవి లేవు, నిజమే. ష్నైడర్ లేకపోయినా లేవని షాపులో పని చేసినవాడిగా నాకు అనుమానం లేదు.

దెయ్యాలు

ఇంత చేసినా ఒక చిక్కు మిగిలింది. స్క్రూ ఎంత బాగున్నా దాన్ని బిగించే చోట ఇసుమంత ఓరగా ఉంటే, ప్రతి చుట్టులోనూ ఒకే చోట కాస్త ముందుకి, ఇంకో చోట కాస్త వెనక్కి జరుపుతుంది. గీతల దూరంలో తప్పు ఒక లయలో వస్తుంది. చుట్టుకోసారి, తప్పకుండా.

అడ్డదిడ్డంగా వచ్చే తప్పుతో వర్ణపటం కాస్త మసకబారుతుంది, అంతే. లయలో వచ్చే తప్పు అలా కాదు. అసలైన ప్రతి ప్రకాశరేఖకీ రెండు పక్కలా, సమాన దూరంలో, చక్కగా, సన్నగా, నిజమైన రేఖల్లాగే కనిపించే దొంగ రేఖల్ని పుట్టిస్తుంది. వీటికి దెయ్యాలనే పేరు పెట్టారు. 1879లో చార్లెస్ పియర్స్ వీటి గురించి పెద్ద వ్యాసమే రాశాడు. తత్వశాస్త్రం చదివినవాళ్లకి ఈ పేరు తెలిసే ఉంటుంది, ఆ పియర్సే ఈ పియర్స్. ఆయన చూసింది న్యూయార్క్‌లో రూథర్‌ఫర్డ్ యంత్రం గీసిన గ్రేటింగ్‌లలోని దెయ్యాల్ని. పరమాణు కేంద్రకం కనిపెట్టిన రూథర్‌ఫర్డ్ కాదు, ఈయన వేరు. రోలాండ్ తన యంత్రానికి ఈ లయ తప్పుని సరిదిద్దే ఏర్పాటు ఒకటి ప్రత్యేకంగా పెట్టాడు. దెయ్యం పూర్తిగా పోలేదు, చిక్కిపోయింది. చివరికి ఈ దెయ్యాలకి రోలాండ్ పేరే స్థిరపడిపోయింది!

ఇది చదువుతుంటే నాకు మా డిగ్రీ ల్యాబ్ గుర్తొచ్చింది. కాలేజీ పేరు వద్దు. పదహారు మందిమి ఒక బ్యాచ్. సోడియం దీపం తరంగదైర్ఘ్యం 5,893 ఆంగ్‌స్ట్రాములు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మైక్రాన్‌లో పదివేలో వంతు) రావాలని సీనియర్ల రికార్డుల ద్వారా అందరికీ తెలుసు. అందుకని ముందు జవాబు రాసుకుని, దాన్నుంచి కోణం కట్టి, వెర్నియర్ రీడింగులు అల్లేవాళ్లం. మొదటి వరుస కోణం 20 డిగ్రీల 22 నిమిషాలు. పదిహేను మందికీ 5,890, 5,894, 5,892. అంత అందంగా వచ్చేవి. ఒక్కడు మాత్రం, పక్క ఊరి నుంచి సైకిల్ మీద వచ్చేవాడు, నిజంగా దుర్భిణిలోంచి చూసి రాసేవాడు. వాడికి 20 డిగ్రీల 42 నిమిషాలు వచ్చింది. మళ్లీ చూసినా అదే. లెక్క వేస్తే 5,980 పైన. సార్ రికార్డు విసిరేశారు. "పదిహేను మందికి వచ్చింది నీకెందుకు రాలేదురా?" అన్నారు. మేమందరం నవ్వాం. వాడు ఇంటికెళ్లి 5,891 వేసుకొచ్చాడు.

పోయిన వారం అర్ధరాత్రి కాగితం తీసుకుని లెక్క వేశాను. గ్రేటింగ్‌లు రెండు రకాలుగా అమ్ముతారు: అంగుళానికి 15,000 అని, మిల్లీమీటరుకి 600 అని. రెండోది అంగుళానికి 15,240 అవుతుంది. దాని మీద 15,000 అన్న చీటీ అతికించి ఉంటే వచ్చే జవాబు 5,987. కోణం 20 డిగ్రీల 42 నిమిషాలు. మా ల్యాబ్‌లో ఆ చీటీ తెల్ల కాగితం మీద చేత్తో రాసి అతికించింది. అసలు చీటీ ఎప్పుడో ఊడిపోయింది.

సాక్ష్యం లేదు, ఇన్నేళ్ల తర్వాత రాదు కూడా. అయినా నిమిషం దాకా చదివే వెర్నియర్ మీద ఇరవై నిమిషాల తేడా కంటిపొరపాటు కాదు. పదిహేను మందిమి ఒకే లయలో తప్పు చేశాం కాబట్టి మాది నిజంలా కనిపించింది. ఒక్కడు దీపం వైపు చూశాడు కాబట్టి వాడిది తప్పయింది. గ్రేటింగ్‌లో ఉన్నా లేకపోయినా, ఆ గదిలో మాత్రం దెయ్యం ఉంది.

అబ్బే, ఇదంతా అవసరమా?

మా అమ్మాయికి ఈ కథంతా చెబితే ఓపిగ్గా విని, "మావయ్యా, నాకు మూడు గంటల టైము, రెండు ప్రయోగాలు, ఒక వైవా. రోలాండ్ స్క్రూ గురించి ఎవరూ అడగరు" అంది. కాదనలేను. అమెరికాలో ఆప్టిక్స్ కంపెనీలో పని చేసే నా స్నేహితుడు ఇంకాస్త గట్టిగానే అన్నాడు: ఇప్పుడు చాలా గ్రేటింగ్‌లు లేజర్ కిరణాలు రెండింటిని కలిపి, ఆ వెలుగు చారల్నే ముద్రించి చేస్తారు, వజ్రం గీతల మీద నీకింత మోజేంటి అని. కొన్ని రకాలకి ఇంకా గీసిన మూలమే కావాలని వాడే ఒప్పుకున్నాడు. పైగా మన కాలేజీల్లో ఉండేవి ఆ మూలం మీద పోసి తీసిన నకళ్లు, నకళ్లకి నకళ్లు.

అంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. ప్రతి దత్తాంశాన్నీ అనుమానిస్తూ కూర్చుంటే పని సాగుతుందా? మా షాపులోనే నేను రోజూ క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ చూసి గేజ్‌ని నమ్ముతాను. దాన్ని నేను మళ్లీ కొలవను. జీమన్ 1896లో అయస్కాంతం మధ్య పెట్టిన మంటలో సోడియం రేఖలు వెడల్పవుతాయని రోలాండ్ గ్రేటింగ్‌తోనే కనిపెట్టాడు. అతను కూర్చుని గీతలు లెక్కపెట్టి ఉంటే నోబెల్ ఇంకెవరికో వచ్చేది. నమ్మకం లేకుండా శాస్త్రం లేదు. ఈ మాట దగ్గర నేను చాలా రోజులు తచ్చాడాను.

చివరికి తేలిందేమిటంటే, జీమన్ నమ్మకానికీ మా పదిహేను మంది నమ్మకానికీ పోలిక లేదు. రోలాండ్ తన యంత్రంలో తప్పు ఎక్కడుందో, ఏ రూపంలో బయటపడుతుందో చెప్పి మరీ గ్రేటింగ్ ఇచ్చాడు. తప్పు ఎంతో తెలిసిన వస్తువుని నమ్మడం ఒకటి. తప్పే లేదని నమ్మడం ఇంకొకటి. మా చీటీ మీద ఉన్నది రెండో రకం.

మైకెల్సన్ ఉదాహరణ కూడా దీనికే పనికొస్తుంది. కాంతి వేగం కొలిచిన మైకెల్సన్ షికాగోలో గ్రేటింగ్ యంత్రం మొదలుపెట్టాడు. ఆ పని అతన్ని దశాబ్దాల పాటు వదల్లేదు. 1907లో నోబెల్ అందుకుంటూ చేసిన ప్రసంగంలో ఈ యంత్రం సంగతీ చెప్పాడు. దానికి మనిషిలాంటి స్వభావం ఉందట. బుజ్జగించాలి, బతిమాలాలి, బెదిరించాలి కూడా. ముందు ఆడమనిషి స్వభావం అనబోయి ఆగాడు. (మా అమ్మాయికి ఈ ముక్క చదివి వినిపిస్తే ఏమందో ఇక్కడ రాయను.) తర్వాత మాట దిద్దుకుని, ఇది ఆటలో ఆరితేరిన ప్రత్యర్థి లాంటిది అన్నాడు. నీ ప్రతి పొరపాటునీ వాడుకుంటుంది, కానీ ఎప్పుడూ నియమం తప్పదు. నియమాలు నీకు తెలియకపోతే అది నీ ఖర్మ. యంత్రం గురించి ఇంత సరిగ్గా చెప్పిన మాట నేను ఇంకెక్కడా చదవలేదు.

ఆ మైకెల్సనే 1892-93లో పారిస్ దగ్గర సేవ్ర్‌లో మీటరు కడ్డీని కాడ్మియం ఎర్ర కాంతి తరంగాలతో కొలిచాడు. పదిహేనున్నర లక్షల తరంగాలు. 1950లలో ఎంఐటీలో జార్జ్ హారిసన్ గీతల యంత్రాన్ని నడుపుతున్నంతసేపూ కాంతి తరంగాలతోనే దాని స్థానాన్ని కొలుస్తూ, స్క్రూ తప్పుని అప్పటికప్పుడు దిద్దేలా చేశాడు. నూటయాభై ఏళ్లకి పైగా స్క్రూని పట్టుకుని కాంతిని కొలిచారు. ఇప్పుడు కాంతే స్క్రూ చెవి పట్టుకుంది.

దీన్నుంచే నాకు ఒక చిన్న ఉపాయం తట్టింది. సిలబస్ మార్చక్కర్లేదు, చరిత్ర పాఠం పెట్టక్కర్లేదు. ప్రయోగాన్ని ముందు ఒకసారి తిరగేసి చేయించాలి. సోడియం 5,893 అని తీసుకుని, చీటీ చూడకుండా, గ్రేటింగ్‌లో అంగుళానికి ఎన్ని గీతలున్నాయో కనుక్కోమనాలి. ఆ తర్వాతే వేరే దీపం పెట్టి దాని తరంగదైర్ఘ్యం కొలవమనాలి. కొన్ని కాలేజీల్లో ఇలాగే చేయిస్తారు. చేయించిన చోట జవాబు ముందే తెలియదు, అల్లడానికి ఏమీ ఉండదు. చీటీతో సరిపోతే మంచిదే. సరిపోకపోతే ఇంకా మంచిది.

"5,893 అన్నది కూడా ఎవరో ఇచ్చిందే కదా?" అంటారా? అవును. దాని వెనక సేవ్ర్ ఉంది, దాని వెనక ఇంకోటి. దత్తాంశం లేకుండా బతకలేం. కనీసం ఒక్క మెట్టు వెనక్కి దిగి చూస్తే, అడుగున ఉన్నవి మరికొన్ని మెట్లేనని తెలుస్తుంది.

ఈ ఉపాయం మా అమ్మాయికి చెప్పాను. ప్రాక్టికల్స్ అయిపోయాక, ల్యాబ్ ఖాళీగా ఉన్న ఒక మధ్యాహ్నం అటెండర్‌ని బతిమాలి చేసిందట. మొదటిసారి 14,870 వచ్చింది. చీటీ తప్పని సంబరంగా నాకు ఫోన్ చేసింది. రీడింగులు చదివి వినిపించమన్నాను. ఒకవైపు వెర్నియర్‌లో అర డిగ్రీ గీత దాటిందో లేదో చూసుకోలేదు. మర్నాడు మళ్లీ చేస్తే 15,060. రెండూ రికార్డు చివరి పేజీలో రాసి, మొదటిదాని పక్కన "వెర్నియర్ తప్పు చదివాను" అని రాసుకుంది. సార్ ఆ పేజీ దగ్గర కాసేపు ఆగి, ఏమీ అనకుండా సంతకం పెట్టారట.

సైకిల్ మీద వచ్చేవాడి నంబరు కోసం పాత బ్యాచ్ గ్రూపులో అడిగాను. ఇంకా ఎవరూ పెట్టలేదు.